బాబాయి దుబాయ్ ఎందుకు వెళ్ళాడంటే

మా సీరియల్‌లో బాబాయి ఒక మంగళవారం సాయంత్రం ఉన్నట్టుండి దుబాయ్ వెళ్ళిపోయాడు. సోమవారం దాకా అన్న కొడుకు పెళ్ళి శుభలేఖలకు పసుపు రాస్తూ కూర్చున్న మనిషి. మంగళవారం ఎపిసోడ్‌లో పిన్ని చెవి దగ్గర్నుంచి ఫోన్ దించి, "కంపెనీ పనట అక్కా, రాత్రికి రాత్రే ఫ్లైట్ ఎక్కాల్సి వచ్చిందట" అంది. అక్క "అయ్యో" అంది. అంతే, పెళ్ళి పనులు సాగిపోయాయి.

ఆ రాత్రి మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. "ఏందిరా, ఇంట్ల పెండ్లి వెట్టుకొని ఎవడన్న దుబాయ్ పోతడా? రాసెటోనికి తెల్వకపోతె నీకన్న తెల్వద్దా?"

నాకు తెలుసు. ఆ ఫోన్ సీను రాయించిందే నేను. బాబాయి వేషం వేసే ఆయన అప్పుడు ఇంకో సీరియల్‌లో హీరోయిన్‌కి తండ్రి. అక్కడి కథలో ఆయనకు గుండెపోటు వచ్చింది. గుండెపోటంటే హాస్పిటల్ సెట్, హాస్పిటల్ సెట్ అంటే వరసగా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిదీ వచ్చి సరిగ్గా మా పెళ్ళి మీద పడ్డాయి. అక్కడ మంచం మీద ఉన్న మనిషి ఇక్కడ పందిట్లో ఉండలేడు కాబట్టి దుబాయ్ ఎక్కించాం. ఈ సంగతి చెప్తే అమ్మ, "గుండెపోటా? పానం మంచిగనే ఉందా?" అని ఆ సీరియల్ గురించి భయపడింది.

నాది నార్కట్‌పల్లి దగ్గర ఒక పల్లె. నల్లగొండలో డిగ్రీ చదివి, సినిమా పిచ్చితో హైదరాబాద్ బస్సెక్కిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. సినిమా దొరకలేదు. 2018 ఆగస్టులో షూటింగ్ మొదలైన ఒక డైలీ సీరియల్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ పని దొరికింది. పేరు చెప్పను, చూసినవాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు. మొదట క్లాప్, తర్వాత బట్టల కంటిన్యుటీ, ఎనిమిది నెలలకి షెడ్యూల్ వేసే పని నా నెత్తిన పడింది. అడిగి తీసుకునే పని కాదది. అంతకు ముందు ఆ పని చేసిన అన్న, పెళ్ళి కుదిరిందని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా చేతిలో నాలుగు రంగుల పెన్నులు పెట్టి, "ఎరుపు ఎక్కువ వాడకు తమ్మీ, భయమేస్తది" అన్నాడు. షెడ్యూల్ చార్టులో ఎరుపంటే డేట్ లేని, అంటే ఆ రోజు షూటింగ్‌కి రాలేని ఆర్టిస్టు.

మొదటి రోజుల్లో షెడ్యూల్ చూస్తే పెళ్ళికూతుర్ని చూసినట్టు ఉండేది. టెలికాస్ట్‌కి ఆరేడు వారాల ముందే షూటింగ్ మొదలుపెట్టాం. రచయిత దగ్గర్నుంచి పన్నెండు ఎపిసోడ్ల సీన్ పేపర్లు ఒకేసారి వచ్చేవి. ఎపిసోడ్‌కి ఐదారు సీన్ల చొప్పున డెబ్భై దాకా తేలేవి. ఆ పేపర్లను మేనేజర్ గది నేల మీద పరిచి, పేకముక్కల్లా సర్దేవాళ్ళం. హాలు సీన్లు ఒక కుప్ప, వంటగది ఒక కుప్ప, మేడ మీద ఒకటి, గుడి ఒకటి. ఆ కుప్పల్లో మళ్ళీ ఎవరెవరు కలిసి ఉన్నారో చూడాలి. దాన్నే కాంబినేషన్ అంటాం. కథ వరసలో షూటింగ్ ఎప్పుడూ జరగదు. వంటగదిలో లైట్లు పెట్టామంటే ఐదు ఎపిసోడ్ల వంటగది సీన్లూ ఆ రోజే అయిపోవాలి. హీరోయిన్ ఉదయం ఆకుపచ్చ చీరలో అత్తకి కాఫీ ఇస్తుంది, పదకొండింటికి పసుపు చీరలో అదే పొయ్యి దగ్గర ఏడుస్తుంది, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి నీలం చీరలో అదే అత్తని క్షమిస్తుంది. ఎందుకు ఏడ్చిందన్నది హాలు కుప్పలో ఉంటుంది. అది వచ్చే బుధవారం.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాతి గోల అర్థం కాదు. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా మేం ఇవ్వాల్సింది 22 నిమిషాలు. మొదట సోమవారం నుంచి శుక్రవారం దాకే వచ్చేది కాబట్టి నెలకు 22 ఎపిసోడ్లు, 484 నిమిషాలు. షూటింగ్ 24 రోజులు. అంటే రోజుకి 20 నిమిషాల ఫుటేజ్ తీస్తే చాలు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కాల్, రెండు కెమెరాలు. ఇరవై నిమిషాలంటే హాయిగా, డైరెక్టర్ గారు ఒక్కో షాటుకి రెండో టేక్ కూడా అడిగేంత హాయిగా ఉండేది. ఆరు నెలలకి చానెల్ వాళ్ళు శనివారం కూడా కలిపారు. నెలకు 26 ఎపిసోడ్లు, 572 నిమిషాలు. నిమిషాలు పెరిగాయి కదా, రోజులు కూడా పెరుగుతాయనుకున్నాను నేను. రోజులు 24 నుంచి 20కి తగ్గాయి. బంగళా అద్దె, లైట్లు, భోజనాలు అన్నీ రోజు లెక్కే. చానెల్ ఇచ్చేది మాత్రం ఎపిసోడ్ లెక్క. ఈ రెండు లెక్కల మధ్య ఎంత మిగిలితే ప్రొడ్యూసర్‌కి అంత. కాబట్టి రోజుకి 28, 29 నిమిషాలు తీయమన్నారు. రెండో టేక్ అడగడం ఆ నెలలోనే మానేశారు.

బ్యాంకు సంగతి కూడా ఇక్కడే చెప్తాను. తీసి, ఎడిట్ చేసి, డబ్బింగ్ చెప్పించి, ఆర్.ఆర్. (వెనకాల వచ్చే సంగీతం) కలిపి చానెల్‌కి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న ఎపిసోడ్లని మేం బ్యాంకు అంటాం. మా హీరోయిన్ బెంగళూరు అమ్మాయి, అత్త కూడా అక్కడి నుంచే వచ్చేది. తెలుగు సీరియళ్ళలో ఇది మామూలే. వాళ్ళకి డబ్బింగ్ తప్పదు కాబట్టి షూటింగ్ అయిన సీను మరునాడే టెలికాస్ట్‌కి వెళ్ళడం కష్టం. టెలికాస్ట్ మొదలైన రోజు మా దగ్గర ముప్ఫై ఎపిసోడ్ల బ్యాంకు ఉంది. నేను షెడ్యూల్ చేతిలోకి తీసుకునేసరికి పద్నాలుగు. ఏడాది తిరిగేసరికి ఐదు.

కరిగిపోవడానికి కారణం మా బద్ధకమే అనుకునేవాణ్ణి. కాదు, గురువారం. ప్రతి గురువారం బార్క్ వాళ్ళ రేటింగులు, అంటే టీవీలో దేన్ని ఎంత మంది చూశారన్న లెక్కలు వస్తాయి. ఆ అంకె ముందు వారం శనివారం నుంచి శుక్రవారం దాకా జనం చూసినదాని మీద వస్తుంది. ఆ ఎపిసోడ్లు మేం తీసింది ఇంకా మూడు వారాల ముందు. అంటే నెల కింద చేసిన తప్పుకి ఈ గురువారం తిట్లు పడతాయి, ఈలోపు అదే తప్పుని ఇంకో పద్నాలుగు ఎపిసోడ్లు తీసి బ్యాంకులో పెట్టుకుని ఉంటాం. అంకె తగ్గిందంటే మధ్యాహ్నం మీటింగు, సాయంత్రానికి "ఈ ట్రాక్ ఆపేయండి" అని ఫోను. బ్యాంకులో ఉన్నవాటిలో సగం చెత్తబుట్టలోకి. ఒకసారి హీరో మరదలు ఇంట్లో దిగి, కుట్రలు మొదలుపెట్టిన ట్రాకులో పదకొండు సీన్లు అలా పోయాయి. పాపం ఆ అమ్మాయికి అదే మొదటి సీరియల్, ఊళ్ళో అందరికీ చెప్పుకుంది. తెర మీద బ్యాగుతో లోపలికి వచ్చింది, అంతే, మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. "ఆ పిల్ల యాడికి పోయింది?" అని మా అమ్మ రెండు వారాలు అడిగింది.

అప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, బ్యాంకు ఎక్కువుంటే ప్రొడ్యూసర్‌కి ధైర్యం, చానెల్‌కి చిరాకు. వాళ్ళకి కథని గురువారం గురువారం తిప్పుకునే వీలు కావాలి. అందుకని పదిహేను రోజుల షెడ్యూల్ పేపర్ పోయి వారం పేపర్ వచ్చింది, వారం పేపర్ పోయి రాత్రి పదకొండింటికి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. సీన్ పేపర్లు డజన్ల లెక్కన కాకుండా ఒక్కొక్క సీనుగా, ఒక్కోసారి మేకప్ అవుతుండగా ఫోన్లోకి దిగేవి. మేకప్ అన్న ఒకసారి బ్రష్ పట్టుకొని నిలబడి, "ఏడ్చే మొహమా, నవ్వే మొహమా చెప్పు తమ్మీ, లేకపోతే సగం సగం వేస్తా" అన్నాడు.

2019 వానకాలంలో మా ఊరికే ఔట్‌డోర్ వచ్చింది. కథలో హీరోయిన్ పుట్టిల్లు పల్లెటూరు. హైవే మీద, హైదరాబాద్ నుంచి రెండు గంటల్లోపు, వరి పచ్చగా ఉండే ఊరు కావాలన్నారు. నేనే చెప్పాను. ఆగస్టు చివర, నాట్లు పడి మూడు వారాలైంది, ఎటు చూసినా పచ్చదనం. నాలుగు రోజులు తీశాం. ఊరంతా చుట్టూ నిలబడి చూసింది. మా ఇంట్లో హీరోయిన్ అన్నం తిన్నదని అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది (తిన్నది పెరుగన్నం, రెండు ముద్దలు, ఆ పిల్ల డైటింగులో ఉంది). పొలం గట్టు మీద హీరో హీరోయిన్ నడుస్తూ మాట్లాడుకునే సీను చాలా బాగా వచ్చింది.

నవంబర్‌లో ఒక గురువారం అంకె పడిపోయింది. మీటింగులో ఎవరికో ఐడియా వచ్చింది. ఆ రోజు గట్టు మీద వాళ్ళు మాట్లాడుకున్నదంతా అత్త చాటుగా విన్నదని ఇప్పుడు బయటపెడదాం అన్నారు. అంటే అదే పొలం, అవే బట్టలు, వెనకాల అత్త. ప్యాచ్‌వర్క్, అంటే పాత సీనుకి అతికించే ముక్కలు తీయడం, ఒక్క రోజు చాలు అన్నారు. అత్తకి ఉన్నదే ఒక్క రోజు, అది కూడా రాత్రి బెంగళూరు ఫ్లైట్‌కి అందాలి.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవంబర్ చివర మా దగ్గర పచ్చ వరి ఎక్కడ ఉంటుంది? కోతమిషన్ వచ్చి పోయి పది రోజులైంది. అమ్మకి ఫోన్ చేసి, "గట్టు పక్క మడి ఎట్లుందే?" అంటే, "ఎట్లుంటది, కొయ్యకాలు ఉన్నది. బర్లు మేస్తున్నయ్" అంది. మేనేజర్ గారికి అదే చెప్పాను. ఆయన చెన్నైలో పెరిగిన మనిషి. "కొంచెం ముందు చెప్పి ఆపించాల్సింది కదయ్యా కోత" అన్నాడు. పంట కోయడానికి మా డేట్లు అడగరని ఆయనకి ఎలా చెప్పాలి?

అయినా వెళ్ళాం. ఊళ్ళోకి వెళ్ళే రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వడ్లు కొనే ఐకేపీ కేంద్రం దగ్గర కుప్పలు, టార్పాలిన్లు, కాంటా కోసం కాచుకున్న జనం. మా యూనిట్ బస్సు వడ్ల మీద నుంచి పోకూడదు, పక్కకి దిగితే మట్టి. ముప్పావు గంట అక్కడే పోయింది. చివరికి కెమెరాలు ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళాం. మడి చూసి కెమెరామన్ ఏమీ అనలేదు, టోపీ తీసి తల గోక్కున్నాడు. మా పెదనాయన వచ్చి, "పచ్చగ కావాలంటే మా బత్తాయి తోట ఉన్నది గద" అన్నాడు. నల్లగొండ వాళ్ళకి ఏ సమస్యకైనా బత్తాయి తోట గుర్తొస్తుంది. ఇంకో దారి లేదు. హీరో హీరోయిన్లని ముఖాలు మాత్రమే కనిపించేలా దగ్గరగా తీసి, వెనకాల బత్తాయి ఆకులు మసకగా ఉండేలా చూసుకున్నారు. అత్తని ఒక చెట్టు చాటున నిలబెట్టారు. పట్టుచీర కొంగు ముల్లుకి తగులుకొని చిరిగింది, ఆ కోపం ముఖంలో అలాగే ఉండిపోయింది. డైరెక్టర్ గారు అద్భుతమన్నారు. నాలుగున్నరకి ఆమెని కారెక్కించాం. పంతంగి టోల్ దాటాక ఫోన్ చేసి కనుక్కునేదాకా నాకు ఊపిరాడలేదు.

తెర మీద ఏమైందంటే, వాళ్ళిద్దరూ వరి మడి గట్టు మీద నడుస్తూ రెండు మాటలు మాట్లాడి, మూడో మాట బత్తాయి తోటలో మాట్లాడి, నాలుగో మాటకి మళ్ళీ వరిలోకి వచ్చారు. హైదరాబాద్‌లో ఎవరూ గమనించలేదు. మా ఊళ్ళో గమనించనివాళ్ళు లేరు. హోటల్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన, "ఏం సోకురా నీది, మడిల బత్తాయి కాయించినవ్" అన్నాడు.

ఆ ఔట్‌డోర్‌కీ ఈ ప్యాచ్‌వర్క్‌కీ మధ్యలోనే బతుకమ్మ గొడవ. 2019లో దసరా అక్టోబర్ 8న. బతుకమ్మ ఎపిసోడ్లు పండుగ వారంలోనే రావాలి, కాబట్టి సెప్టెంబర్ మొదట్లోనే తీసేయాలి. పైగా దసరాకి మా లైట్‌మెన్, సెట్ బాయ్స్ ఉండరు, వాళ్ళలో సగం మంది పాలమూరు, మిగతా సగం మా జిల్లా. సంక్రాంతికేమో ఆర్టిస్టుల్లో ఆంధ్రా వైపు వాళ్ళు ఉండరు. ఏడాదికి రెండుసార్లు ఈ గుంతలు వస్తాయని తెలుసు కాబట్టి వాటికి ముందు రెండు వారాలు పని ఉడుకుతుంది, రాత్రి ఒంటిగంట దాకా తీసి పది, పన్నెండు ఎపిసోడ్లు కూడబెట్టాలి.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు బతుకమ్మని మొత్తం బంతిపూలతో పేర్చి పెట్టారు. గుడిమల్కాపూర్ మార్కెట్లో దొరికేది అదే మరి. చూడగానే నాకు కడుపులో తిప్పింది. గునుగు లేదు, తంగేడు లేదు. తంగేడు లేని బతుకమ్మని మా వైపు బతుకమ్మ అనరు. డైరెక్టర్ గారిని బతిమాలి ఒక్క పూట ఆపించాను. రాత్రి బస్సుకి ఊరికి పోయి, పొద్దున్నే అమ్మని వెంటబెట్టుకొని చెలకల వెంట తిరిగాను. గునుగు అప్పుడప్పుడే వస్తోంది, తెల్లగా విచ్చుకోలేదు ఇంకా. తంగేడు గుట్ట పక్కన కొంచెం దొరికింది. రెండు సంచులు నింపుకొని, తడిగుడ్డ కప్పి, పదకొండింటి బస్సులో తెచ్చాను. సెట్‌కి వచ్చేసరికి తంగేడు సగం వాడింది. పైన రెండు వరసలు మాత్రం అసలు పూలు పెట్టగలిగాం. ఎపిసోడ్ వచ్చిన రోజు అమ్మ ఫోన్ చేసి మెచ్చుకుంటుందనుకున్నాను. "పువ్వు వాడింది బిడ్డా, నీళ్ళు జల్లకపోయినవా?" అంది.

2020 మార్చి మూడో వారంలో షూటింగులు ఆగాయి, 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. మా బ్యాంకులో అప్పుడు ఆరు ఎపిసోడ్లు. వారం రోజుల్లో అయిపోయాయి. తర్వాత చానెల్ వాళ్ళు మొదటి ఎపిసోడ్ నుంచి మళ్ళీ వేసుకున్నారు. అదే నెల చివర్లో దూరదర్శన్ పాత రామాయణం మళ్ళీ మొదలుపెడితే దేశమంతా చూసింది, మమ్మల్ని ఎవరు చూస్తారు? నేను నడుమ మూడు నెలలు ఊళ్ళోనే ఉన్నాను. జీతం లేదు. రోజు లెక్క పనికి షూటింగ్ లేని రోజు లెక్కలోకి రాదు. పాత బాకీ మాత్రం ఉంది, అది అడగడానికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

జూన్‌లో ప్రభుత్వం అనుమతి ఇచ్చాక మొదలైంది. ఆగిన చోట నుంచే మొదలుపెట్టాలి కదా. ఆగిన చోటు ఏమిటంటే, హీరోయిన్ హీరో చెంప మీద కొట్టడానికి చెయ్యి ఎత్తింది, అక్కడ ప్యాకప్. మార్చిలో ఎత్తిన చెయ్యి జూన్‌లో చెంపకి తగిలింది. ఈలోపు హీరో ఆరు కిలోలు పెరిగాడు, ఆమె జుట్టు కత్తిరించుకుంది. చెంపదెబ్బ శబ్దం మీద కట్ చేసి, ముఖాలు రెండు సెకన్లకి మించి చూపించకుండా నెట్టుకొచ్చాం. నాయనమ్మ పాత్ర వేసే పెద్దావిడని పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఆమెని కాశీకి పంపాం. లాక్‌డౌన్‌లో కాశీకి ఎట్ల పోయిందని అమ్మ అడగలేదు. అప్పటికి ఆమెకీ అలవాటైపోయింది, "ఆమెకు డేట్లు లెవ్వా?" అని నన్నే అడిగింది.

2021లో మేలో మళ్ళీ లాక్‌డౌన్ రావడం, పోవడం, అదంతా ఒక మసక. దాని తర్వాతే అసలు దెబ్బ. రాత్రి స్లాటు తీసి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వేశారు. మధ్యాహ్నం స్లాటంటే ఎపిసోడ్‌కి ఇచ్చే డబ్బు తగ్గుతుంది. 26 ఎపిసోడ్లకి షూటింగ్ రోజులు 15. రోజుకి 38 నిమిషాలు. మొదటి నెలల్లో రెండు రోజులు పట్టిన పని ఒక్క రోజులో.

ఎలా తీశామని అడిగితే ఒకటే మాట, ఫోన్. ఇద్దరు ఆర్టిస్టుల డేట్లు కలవకపోతే వాళ్ళని ఫోన్లో మాట్లాడించడమే. కోడలు నాలుగో తారీఖున వంటగదిలో "హలో" అంటుంది, అత్త పదిహేడో తారీఖున మేడ మీద "చెప్పవే" అంటుంది. కోడలు మాట్లాడేటప్పుడు కెమెరా పక్కన నిలబడి అత్త మాటలు నేను చెప్పేవాణ్ణి, గొంతులో కసి కూడా పెట్టి. హాల్లో పన్నెండు మంది కూర్చునే సీన్లు నెలకి రెండు రోజులకి కుదించాం. ఆ రెండు రోజుల్లోనే అందరి రియాక్షన్లూ తీసి దాచుకునేవాళ్ళం. కోపంగా ఒకటి, ఆశ్చర్యంగా ఒకటి, కళ్ళనీళ్ళతో ఒకటి. ఎప్పుడు ఎవరు లేకపోయినా వాడుకోవడానికి. ఒక్కో ముఖాన్ని మూడుసార్లు చూపించి ఢాం ఢాం అని శబ్దం పెడతారని జనం నవ్వుతారు కదా, నేనూ బయట ఉంటే నవ్వేవాణ్ణే. ఎడిటింగ్ రూములో అర్ధరాత్రి నిమిషంన్నర తక్కువ పడి, పొద్దున్న ఎపిసోడ్ ఇవ్వాల్సి ఉన్నప్పుడు ఆ మూడుసార్లే ఒడ్డున పడేస్తాయి. మేం తీసే బంగళా కూడా పంచుకున్నదే. నెలలో మొదటి సగం మాది, రెండో సగం ఇంకో సీరియల్‌ది. సోఫా కవర్లు, గోడ మీద తాతయ్య ఫొటో మారిస్తే ఇల్లు మారినట్టే. ఒకసారి ఫొటో మార్చడం మర్చిపోయి, మా హీరోయిన్ ఎవరి తాతయ్యకో దండం పెట్టింది.

కథలో ఐదేళ్ళు దూకించింది కూడా అప్పుడే. జీతం ఎక్కువున్న నలుగురు ఆ ఐదేళ్ళలో ఎక్కడో కలిసిపోయారు, ఒక చిన్నపాప వచ్చింది. పాపకి రోజుకి ఐదు గంటలకి మించి పని పెట్టకూడదు, మూడు గంటలకోసారి విశ్రాంతి ఇవ్వాలి, అది చట్టం. నిజం చెప్పాలంటే మా షెడ్యూల్‌లో ఎవరూ మార్చలేని ఒకే ఒక్క గీత ఆ పాపదే. వాళ్ళమ్మ గడియారం చూస్తూ కూర్చునేది. పాప పుణ్యమా అని మూడేళ్ళలో మొదటిసారి మధ్యాహ్నం భోజనం వేళకి తిన్నాం.

మా అమ్మ చూడటం మానేసింది. "ఒంటిగంటకు నేను పొలంల ఉంట. మీకేమన్న బుద్ధి ఉందా, గప్పుడు వేసుడేంది?" అంది. రాత్రి చెల్లెలు ఫోన్లో పెడితే ఎప్పుడైనా చూసేది. బాబాయి గురించి మాత్రం వదల్లేదు. రెండేళ్ళు దాటింది, ఆయన ఇంకా దుబాయ్‌లోనే. నిజానికి ఆ ఇంకో సీరియల్లో ఆయన గుండెపోటు ఎప్పుడో తగ్గింది. కానీ రప్పిస్తే రోజుకి ఇంత అని ఇవ్వాలి, దుబాయ్‌లో ఉంటే పైసా ఖర్చు లేదు. మేనేజర్ గారు ప్రతి నెలా చార్టు చూసి, "వచ్చే నెల చూద్దాం" అనేవాడు.

2022 ఫిబ్రవరిలో ఒక గురువారం ఫోన్ వచ్చింది. పన్నెండు ఎపిసోడ్లలో ముగించమని. వెయ్యో ఎపిసోడ్‌కి కేక్ ఎవరు కోయాలో కూడా అనుకుని ఉన్నాం, 956తో ఆగిపోతామని తేలింది. షూటింగ్ ఐదు రోజులు. హీరోయిన్‌కి మూడు రోజులు, అత్తకి రెండు, అవి కూడా ఒకదానితో ఒకటి కలిసింది ఒక్క రోజే. మూడున్నరేళ్ళ పగ ఆ ఒక్క రోజు మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి లోపల తీరిపోవాలి. తీర్చేశాం. అత్త కాళ్ళ మీద పడాలని రచయిత రాశాడు, ఆమెకి మోకాళ్ళ నొప్పి, చేతులు పట్టుకుంది.

చివరి రోజు హాల్లో గ్రూప్ ఫొటో సీను. చార్టులో పేర్లన్నీ ఒక్కసారి ఆకుపచ్చగా కనిపించింది ఆ రోజే. మేనేజర్ గారు నా పక్కన నిలబడి, "ఆ దుబాయ్ ఆయనకి ఇవాళ ఖాళీయేనట, పిలవమంటావా?" అన్నాడు. పిలవమన్నాను. నాలుగున్నరకి వచ్చాడు. అందరూ కెమెరా వైపు నవ్వుతుండగా తలుపు తీసుకొని, చేతిలో సూట్‌కేసుతో "అన్నయ్యా" అంటూ లోపలికి వచ్చాడు. డైలాగు అంతే. సూట్‌కేసు కాస్ట్యూమ్ వాళ్ళది.

ఆ ఎపిసోడ్ వచ్చిన రాత్రి అమ్మ ఫోన్ చేసింది. పగ ఎలా తీరిందో అడగలేదు. "బాబాయి వచ్చిండు గద, పెట్టెల ఏం తెచ్చిండురా?"

"ఇస్త్రీ పెట్టె" అన్నాను. నిజంగానే అందులో ఉన్నది అదే.